వంకర వేళ్ల యాస

మూడో సెమిస్టర్, రెండో అసైన్‌మెంట్:
మీ ప్రాంతపు సంజ్ఞలు ఇరవై సేకరించండి,
వీడియో తీయండి, చేతి ఆకారం రాయండి.

బస్సు చండూరు దాటింది.
ఒళ్లో కిరాయికి తెచ్చిన ట్రైపాడ్.
"ఏం చదువుతున్నవ్ బిడ్డా?" పక్కసీటు పెద్దమనిషి.
డెఫ్ స్టడీస్ అన్న.
"డాక్టరీలనా?"
కాదన్న.
"మరి నువ్వు చదివితే వాళ్లకు మాటలొస్తయా?"
టికెట్‌ను మడత మీద మడత పెట్టుకుంట కూసున్న.
వాళ్లకు ఉన్నయి పెద్దయ్యా, రానిది మనకు
అన్న జవాబు
దిగి బస్సు పోయినంక యాదికొచ్చింది.

మొదటేడు ఇట్లనే ఉండె.
ప్రశ్న కనుబొమ్మల ఉంటదని సార్ నేర్పిండు,
ఇంట్ల అన్నం పెట్టంగ కనుబొమ్మ లేపితే
"ఎవల మీద ఆ కోపం?" అన్నది అమ్మ.
గడియారం సెంటర్‌ల హారన్ల నడుమ
రోడ్డుకు ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు
మా క్లాసు నలుగురు నిమ్మళంగ ముచ్చట పెట్టుకుంటుంటే
చెవులున్న నేనొక్కదాన్నే
"ఆఁ? ఆఁ?" అనుకుంట నిలబడ్డ.

అండాలత్త బత్తాయి రాశి ముందు కూసోని
దెబ్బ తిన్నయి పక్కకు ఏరుతున్నది.
ఊరికి ఆమె మూగి.
రేషన్ కార్డుల మాత్రం అండాలు.
నన్ను చూడంగనే బొటనవేలు చెంపకు రాసింది:
అది నేను, చిన్నప్పుడు పొయ్యి మసి అంటినదాన్ని.
మా నాయనకు మీసం, సర్పంచికి అంగీ జేబు,
కరెంటు బిల్లు పిలగానికి ముక్కు చీదుడు.
ఊరందరికీ పేర్లు పెట్టింది
ఊరు పెట్టిన ఒక్క పేరు మోసుకుంట.

నీళ్లు, అని అడిగిన.
మా పుస్తకంల నీళ్లకు ఒక్కటే బొమ్మ,
చాచిన వేళ్లు, నోటి దిక్కు బాణం గుర్తు.
అత్త రెండు చూపింది.
పిడికిళ్లు కలిపి పైకి కిందికి కొట్టి, బోరింగు,
ఆ చేత్తోనే మోకాలు తాకి వదిలింది.
రెండోదానికి మణికట్టు ఒక్క తిప్పు:
నల్లా.
పుట్టినకాడ్నుంచి ఎముకలల్ల కూసున్న నీళ్లొకటి,
మొన్న మొన్న పైపుల వచ్చిన కృష్ణ ఒకటి.
నా నోట్లె రెంటికీ ఒక్కటే మాట.

ఫ్లోరైడు తాగిన వేళ్లు,
చాచమంటే సగంల ఆగుతయి.
చూపుడువేలు మధ్యవేలు మీద ఒరుగుతది
వానకు పడ్డ జొన్నకర్ర లెక్క.
ఐదు అని చూపితే మూడున్నర కనపడ్తది.
నలభై ఏండ్లు ఆమెతోటి బేరం జేసిన షావుకారి
ఒక్కపారి సుత లెక్క తప్పలే.

పదిహేను రోజులకు మార్కులొచ్చినయి.
ఇరవైకి పదకొండు.
ఎర్ర సిరాతోటి బయటి పరీక్షకుడు:
"చేతి ఆకారం అస్పష్టం.
సరైన వ్యక్తితో మళ్లీ తీయవలెను."

కాగితం, ఫోను తీసుకపోయి
యూనుస్ సార్ ముందల పెట్టిన.
సూర్యాపేట మనిషి, పుట్టు చెవుడు.
వీడియో చూసిండు. వెనక్కి జరిపి మళ్ల చూసిండు.
మోకాలు తాకినకాడ ఆపిండు.
రెండేండ్లల్ల ఒక్క గడియ ఆగంగ చూడని ఆ చేతులు
ఒళ్లోకొచ్చి ఊకున్నయి.

తర్వాత తన సాఫు వేళ్లను కావాలని వంచి
అట్లనే జేసిండు, బోరింగు, మోకాలు,
పరాయి ఊరి మాటను
నాలిక మీద తిప్పి రుచి చూసినట్టు.
ఇంకోసారి చేసిండు. ఈసారి కుదిరింది.

ఎర్ర సిరా దిక్కు చూడనే లేదు.
కనుబొమ్మ లేపి అడిగిండు: ఈమె పేరు?
అం, డా, లు... వేళ్ల మీద అక్షరాలు పేర్చబోయిన.
చెయ్యి అడ్డం పెట్టిండు.
అది కాదు. పేరు.

ఇరవై సంజ్ఞలు రాసుకొచ్చినదాన్ని,
ఊరందరి పేర్లు వీడియో తీసినదాన్ని,
నీ పేరేందని ఆమెను అడగలే.

ఆదివారం పొద్దుగాల బస్సుకు
కిరాయి పైసలు పక్కకు పెట్టుకున్న.
ట్రైపాడ్ తీస్కపోను.